ప్రసారం ఆగకుండా అప్‌గ్రేడ్: ఓపెన్ సోర్స్ రేడియో సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలను మెరుగుపరిచే పద్ధతి

రేడియో ప్రసార సాఫ్ట్‌వేర్‌కు ప్యాకేజీ (ఇన్‌స్టాల్ చేయడానికి సిద్ధంగా కట్టిన ఫైళ్ల మూట) తయారుచేసేవారు ఒక విషయాన్ని మొదటి నుంచీ దృష్టిలో ఉంచుకోవాలి. ఆ ప్యాకేజీ కొత్త వెర్షన్ ఇన్‌స్టాల్ అయ్యే సమయానికి పాత వెర్షన్ ఇరవైనాలుగు గంటలూ పనిచేస్తూనే ఉంటుంది. దాని సర్వీసు ఒక్క అరనిమిషం ఆగినా శ్రోతలకు వెంటనే తెలిసిపోతుంది. రివెండెల్, లిబ్రెటైమ్, లిక్విడ్‌సోప్, ఐస్‌కాస్ట్ వంటి ఏ సాఫ్ట్‌వేర్‌కైనా ప్యాకేజీ కొత్తగా చేస్తున్నా, ఉన్నదాన్ని సరిదిద్దుతున్నా, ప్రతి నిర్ణయాన్నీ ఒకే ప్రశ్నతో తూచాలి: నిర్వాహకుడు కోరకుండా ఇది ప్రసారాన్ని ఆపగలదా? ఇక్కడ చెప్పేది ప్రధానంగా డెబియన్, ఉబుంటు అనే లినక్స్ డిస్ట్రిబ్యూషన్ల ప్యాకేజీల గురించి. ఫెడోరా, రెడ్ హ్యాట్ వంటివి వాడే ఆర్‌పీఎమ్ పద్ధతిలో ముఖ్యమైన తేడా ఉన్నచోట దాన్నీ ప్రస్తావిస్తాను.

ఏ భాగం ఏ యంత్రానికి

ప్రసార వ్యవస్థ సాధారణంగా ఒకే ప్రోగ్రాం కాదు. 2017లో ఎయిర్‌టైమ్ నుంచి విడిపోయి వచ్చిన లిబ్రెటైమ్‌నే తీసుకుంటే, అందులో పీహెచ్‌పీతో రాసిన వెబ్ భాగం, పైథాన్ సర్వీసులు, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్, సందేశాల కోసం రాబిట్‌ఎంక్యూ, ధ్వనిని నడిపే లిక్విడ్‌సోప్, స్ట్రీమ్‌ను శ్రోతలకు అందించే ఐస్‌కాస్ట్ ఇవన్నీ కలిసి పనిచేస్తాయి. రివెండెల్‌లోనైతే స్టూడియోలోని వేర్వేరు కంప్యూటర్లు ఒకే డేటాబేస్‌నూ, ఒకే ఆడియో భాండారాన్నీ పంచుకుంటాయి. వీటన్నిటినీ ఒకే ప్యాకేజీలో కుక్కితే, లైబ్రరీలో పాటలు ఎక్కించడానికి మాత్రమే వాడే కంప్యూటర్‌లో కూడా డేటాబేస్ సర్వర్, వెబ్ సర్వర్ వచ్చి కూర్చుంటాయి.

కాబట్టి ధ్వనిని బయటకు పంపే సర్వీసును ఒక ప్యాకేజీగా, వెబ్ భాగాన్ని ఒకటిగా, స్టూడియో డెస్క్‌టాప్ ప్రోగ్రాములను మరొకటిగా విడదీయాలి. అన్నీ ఒకే యంత్రంలో కావాలనుకునే చిన్న స్టేషన్ల కోసం వీటిని కలిపి లాగే మెటా ప్యాకేజీ ఒకటి చాలు. ఈ విభజన వల్ల మరో పెద్ద ప్రయోజనం ఉంది. వెబ్ పేజీలో ఒక బటన్ రంగు సరిచేసిన కొత్త వెర్షన్ వచ్చినప్పుడు ప్రసార సర్వీసు ఫైళ్లు అసలు మారనే మారవు, అంటే దాన్ని కదిలించవలసిన అవసరమే రాదు.

డిపెండెన్సీల్లో, అంటే మన ప్యాకేజీ ఆధారపడే ఇతర ప్యాకేజీల్లో, తప్పనిసరివి, సిఫారసు చేసేవి, సూచించేవి అన్న మూడు స్థాయిలను నిజాయితీగా వాడాలి. డేటాబేస్ క్లయింటు లైబ్రరీ తప్పనిసరి. డేటాబేస్ సర్వర్ మాత్రం సిఫారసు స్థాయిలో ఉండాలి, ఎందుకంటే అది వేరే యంత్రంలో ఉండవచ్చు. ఐస్‌కాస్ట్ విషయమూ అంతే. పల్స్‌ఆడియో, పైప్‌వైర్ వంటి ధ్వని సర్వర్లు సౌండ్ కార్డును ఆక్రమిస్తాయన్న కారణంతో వాటితో విరుద్ధమని ప్రకటించి తీసివేయించడం మాత్రం అతిగా జోక్యం చేసుకోవడమే. వెర్షన్ సంఖ్యలను పేరులోనే బిగించడం కూడా తరచుగా ఇబ్బంది పెడుతుంది. డెబియన్ 11లో పీహెచ్‌పీ 7.4 ఉంటే డెబియన్ 12లో 8.2 ఉంది, పీహెచ్‌పీ 7.4 అని పేరుతో అడిగే ప్యాకేజీ ఆపరేటింగ్ సిస్టమ్ అప్‌గ్రేడ్ మధ్యలో తొలగిపోయే ప్రమాదం ఉంది. వెర్షన్ లేని సాధారణ పేరును అడిగి, కోడ్ రెండిటితోనూ నడుస్తుందని పరీక్షించి చూపడం మేలు.

ఇన్‌స్టాలేషన్ స్క్రిప్టుల సంగతి

చాలా ప్రాజెక్టులు ప్యాకేజీకి బదులు ఒక పొడవైన షెల్ స్క్రిప్టు ఇచ్చి, దాన్ని రూట్‌గా, అంటే పూర్తి అధికారాలున్న యూజర్‌గా, నడపమంటాయి. మొదటిసారి అది చక్కగానే పనిచేస్తుంది. ఏ ఫైలు ఎక్కడి నుంచి వచ్చిందో ఎక్కడా నమోదు కాదు కాబట్టి చిక్కంతా రెండోసారి, మూడోసారి మొదలవుతుంది. 2023లో డెబియన్ 12 వచ్చినప్పుడు, సిస్టమ్ పైథాన్‌లోకి పిప్ అనే పైథాన్ సాధనం ద్వారా నేరుగా లైబ్రరీలు ఎక్కించడాన్ని అది అడ్డుకోవడంతో ఇలాంటి స్క్రిప్టులు చాలా ఒక్కసారిగా మొరాయించాయి. ఆ అడ్డును దాటించే ఆప్షన్ ఒకటి ఉంది గానీ, దాన్ని స్క్రిప్టులో పెట్టడమంటే ఆపరేటింగ్ సిస్టమ్ సొంత పైథాన్ సాధనాలతో పందెం కాయడమే. డిస్ట్రిబ్యూషన్‌లో దొరికే పైథాన్ లైబ్రరీలను డిపెండెన్సీలుగా ప్రకటించి, దొరకనివాటిని ప్యాకేజీ సొంత వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌లో (సిస్టమ్‌తో కలవని విడి పైథాన్ డైరెక్టరీలో) పెట్టి, దాన్ని బిల్డ్ సమయంలోనే సిద్ధం చేయడం సరైన దారి. ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు ఇంటర్నెట్ నుంచి ఏదీ దిగకూడదు. ట్రాన్స్‌మిటర్ గదుల్లోని యంత్రాలకు నెట్ సదుపాయం లేకపోవడం అరుదేమీ కాదు.

కంటైనర్ల (డిపెండెన్సీలన్నీ కలిపి కట్టిన పెట్టెల) ద్వారా పంచే అజురాకాస్ట్ వంటి వ్యవస్థలు ఈ డిపెండెన్సీల గొడవను చాలావరకు తప్పించాయి. కేవలం ఇంటర్నెట్ స్ట్రీమ్ నడిపేవారికి అది హాయి. సౌండ్ కార్డు, రియల్‌టైమ్ ప్రాధాన్యం (మిగతా పనులకన్నా ముందుగా ప్రాసెసర్ దొరకడం), స్టూడియో హార్డ్‌వేర్ అవసరమయ్యే చోట మాత్రం స్థానిక ప్యాకేజీకే నా ఓటు.

అప్‌గ్రేడ్ సమయంలో సర్వీసు

ఇదే అసలు విషయం. డెబియన్ ప్యాకేజింగ్ సాధనాలు సిస్టమ్‌డీ (సర్వీసులను మొదలుపెట్టి, ఆపే లినక్స్ భాగం) నడిపే సర్వీసులను వాటంతట అవే సంబాళిస్తాయి. ఏమీ చెప్పకపోతే కొత్త ఫైళ్లు వచ్చాక సర్వీసును రీస్టార్ట్ చేస్తాయి. మెయిల్ సర్వర్‌కు ఇది సరైన పద్ధతే. ప్రసార సర్వీసుకు మాత్రం, ఆటోమేటిక్ అప్‌డేట్లు రాత్రి ఏ జాములోనో నడిచినప్పుడు, పాట మధ్యలో తెగి మొదటి నుంచి మొదలవుతుంది. లేదా ఏదీ మొదలవదు.

దీన్ని మార్చడానికి వెళ్లినవారికి ఒక ఉచ్చు ఎదురవుతుంది. డెబియన్ ప్యాకేజీలు కట్టడానికి వాడే డెబ్‌హెల్పర్ సాధనాల్లో, సర్వీసులను ఏర్పాటుచేసే కమాండుకు దగ్గర దగ్గర పేర్లతో రెండు ఆప్షన్లు ఉన్నాయి. 'అప్‌గ్రేడ్ తర్వాత రీస్టార్ట్ వద్దు' అనే అర్థం వచ్చే ఆప్షన్‌ను చూడగానే మనకు కావలసింది అదేనని అనిపిస్తుంది. నిజానికి అది ఒక్కటే పెడితే, పాత ప్యాకేజీ తొలగింపుకు ముందే సర్వీసును ఆపి, కొత్త ఫైళ్లన్నీ వచ్చి కాన్ఫిగర్ అయ్యాకే తిరిగి మొదలుపెడుతుంది. అంటే క్షణకాలపు రీస్టార్ట్‌కు బదులు ఆ విడతలో ఉన్న ప్యాకేజీలన్నీ విప్పుకునేంతసేపు ప్రసారం ఆగిపోతుంది. మనకు కావలసినది 'అప్‌గ్రేడ్‌లో ఆపవద్దు' అనే అర్థం వచ్చే రెండో ఆప్షన్. ఇది సర్వీసును అసలు తాకదు. ఏది పెట్టినా, బిల్డ్ అయ్యాక తయారైన స్క్రిప్టులను విప్పి, అందులో ఆపే వాక్యం ఉందో లేదో కళ్లతో చూసుకోవాలి. ఆర్‌పీఎమ్‌లోనైతే తొలగింపు తర్వాతి దశకు వేర్వేరు మాక్రోలు ఉంటాయి. రీస్టార్ట్‌తో కూడినదాన్ని వదిలి, సాదాదాన్ని వాడాలి.

సర్వీసును తాకకుండా వదిలేస్తే ఒక బాధ్యత మీద పడుతుంది. నడుస్తున్న ప్రాసెస్ జ్ఞాపకంలో పాత ప్రోగ్రామే ఉంటుంది, డిస్కు మీద మాత్రం కొత్త ఫైళ్లు ఉంటాయి. పైథాన్ సర్వీసు అరుదుగా వాడే ఒక మాడ్యూల్‌ను గంటల తర్వాత మొదటిసారి లోడ్ చేయబోతే, పాత కోడ్‌లోకి కొత్త మాడ్యూల్ వచ్చి చేరుతుంది. అందువల్ల ప్రసార సర్వీసు తనకు కావలసిన మాడ్యూళ్లన్నీ ప్రారంభంలోనే లోడ్ చేసుకునేలా మూల ప్రాజెక్టుకు సవరణ పంపాలి. లేదా ఒక్కో వెర్షన్‌నూ వేర్వేరు డైరెక్టరీలో ఉంచి, రీస్టార్ట్ అయ్యేటప్పుడే కొత్తదానికి మారేలా చూడాలి.

ఇన్‌స్టాలేషన్ స్క్రిప్టుల్లో సిస్టమ్‌డీ కమాండును నేరుగా పిలవడం మరో అలవాటు. డెబియన్‌లో పాలసీ-ఆర్‌సీ-డీ అనే చిన్న ఫైలు పెట్టి, అది 101 అనే సంఖ్యతో ముగిసేలా చేస్తే, ప్యాకేజీ స్క్రిప్టులు సర్వీసులను కదిలించకుండా నిర్వాహకుడు నిషేధించవచ్చు. సక్రమమైన మధ్యవర్తి కమాండులు ఆ నిషేధాన్ని గౌరవిస్తాయి. నేరుగా పిలిచిన కమాండుకు అలాంటి మొహమాటమేమీ ఉండదు. అలాగే లైబ్రరీలు మారినప్పుడు సర్వీసులను రీస్టార్ట్ చేసే నీడ్‌రీస్టార్ట్ అనే సాధనం ఉన్న యంత్రాల కోసం, ప్రసార సర్వీసును దాని జాబితా నుంచి మినహాయించే పద్ధతిని ప్యాకేజీతో వచ్చే రీడ్‌మీ ఫైలులో రాయాలి. మన ప్యాకేజీ ఎంత మర్యాదగా ఉన్నా, సీ లైబ్రరీకి భద్రతా సవరణ వచ్చిన రోజున ఆ సాధనం ప్రసారాన్ని ఆపగలదు.

డేటాబేస్ స్కీమా మార్పు

కొత్త వెర్షన్‌తో టేబుళ్ల నిర్మాణం, అంటే స్కీమా, మారితే, ఆ మార్పును ఇన్‌స్టాల్ చివర్లో నడిచే పోస్ట్‌ఇన్‌స్ట్ స్క్రిప్టులోనే చేసేయాలన్న కోరిక సహజం. సర్వీసును రీస్టార్ట్ చేయకూడదని నిర్ణయించుకున్నాక ఇది కుదరదు. పాత సర్వీసు ఇంకా నడుస్తూ పాత టేబుళ్లనే అడుగుతుంటుంది. రివెండెల్ వంటి వ్యవస్థలో పరిస్థితి మరింత సున్నితం. ఒక స్టూడియో కంప్యూటర్‌లో ప్యాకేజీ అప్‌గ్రేడ్ అయి, ఉమ్మడి డేటాబేస్‌ను మార్చేస్తే, పక్క స్టూడియోలో ఆన్ ఎయిర్ ఉన్న యంత్రం కాళ్ల కింద నేల కదిలిపోతుంది.

అందుకే పోస్ట్‌ఇన్‌స్ట్ స్క్రిప్టు ఫైళ్లను సిద్ధంచేసి, స్కీమా మార్పు మిగిలి ఉందని తెలియజేసి ఊరుకోవాలి. బ్యాకప్ తీయడం, సర్వీసు ఆపడం, స్కీమా మార్చడం, సరిచూడడం, తిరిగి మొదలుపెట్టడం ఇవన్నీ వరుసగా చేసే ఒకే కమాండును ప్యాకేజీ ఇవ్వాలి. దాన్ని ఎప్పుడు నడపాలో స్టేషన్ వారే నిర్ణయించుకుంటారు. రికార్డు చేసిన పొడవైన కార్యక్రమాన్ని వేరే యంత్రం నుంచి వదిలి, ఆ వ్యవధిలో ఈ పని ముగించుకునే వెసులుబాటు వారికి ఉంటుంది. స్కీమాను సృష్టించే, మార్చే సాధనాలు రివెండెల్‌లోనూ లిబ్రెటైమ్‌లోనూ ఇప్పటికే ఉన్నాయి. ప్యాకేజీ చేయవలసింది వాటి చుట్టూ బ్యాకప్‌ను, క్రమాన్ని చేర్చడమే. కొత్త సర్వీసు కూడా మొదలయ్యేటప్పుడు స్కీమా వెర్షన్ చూసుకుని, పొసగకపోతే స్పష్టమైన సందేశంతో నిరాకరించాలి.

ప్రాథమిక డేటాబేస్ ఏర్పాటుకు డెబియన్‌లో డీబీకాన్ఫిగ్-కామన్ ఉంది. అది వేరే యంత్రంలోని డేటాబేస్‌కూ పనిచేస్తుంది, పాస్‌వర్డ్ ఖాళీగా వదిలితే యాదృచ్ఛికంగా ఒకటి తయారుచేస్తుంది. సొంతంగా రాసిన స్క్రిప్టులు సాధారణంగా ఇవన్నీ మరచిపోతాయి. ఇక స్క్రిప్టులు ఎన్నిసార్లు నడిచినా ఫలితం ఒకటే కావాలన్నది డెబియన్ పాలసీ నియమం. యూజర్ ఉన్నాడా, డేటాబేస్ ఉందా అని చూసుకోకుండా సృష్టించబోయి విఫలమయ్యే స్క్రిప్టు వల్ల ప్యాకేజీ సగం కాన్ఫిగర్ అయిన స్థితిలో చిక్కుకుని, ఆ తర్వాత నడిచే ప్రతి ఆప్ట్ (ప్యాకేజీలను ఇన్‌స్టాల్ చేసే సాధనం) కమాండులోనూ అదే తప్పును చూపిస్తూ ఉంటుంది.

రాబిట్‌ఎంక్యూ గురించి ఒక్క మాట. అది తన డేటా డైరెక్టరీకి యంత్రం హోస్ట్‌నేమ్‌తో కూడిన పేరు పెట్టుకుంటుంది. ఇన్‌స్టాల్ చేశాక ఎవరైనా హోస్ట్‌నేమ్ మారిస్తే, అది కొత్త ఖాళీ డైరెక్టరీతో మొదలవుతుంది. ప్యాకేజీ సృష్టించిన యూజర్, పాస్‌వర్డ్ అందులో ఉండవు. ఈ ఖాతాలను సరిచూసి తిరిగి సృష్టించే చిన్న కమాండు ప్యాకేజీలో ఉంటే, గంటల తరబడి లాగ్‌లు తవ్వే శ్రమ తప్పుతుంది.

యూజర్, సౌండ్ కార్డు, రియల్‌టైమ్

సర్వీసు రూట్‌గా నడవకూడదు. దానికి ప్రత్యేక సిస్టమ్ యూజర్ కావాలి. సౌండ్ కార్డు పరికర ఫైళ్లు ఆడియో గ్రూపుకు చెందుతాయి కాబట్టి ఆ యూజర్‌ను ఆ గ్రూపులో చేర్చాలి. ఇంతవరకూ అందరూ చేస్తారు. తరచుగా తప్పేది రియల్‌టైమ్ ప్రాధాన్యం దగ్గర. జాక్ వంటి ఆడియో సర్వర్లకు ఆడియో గ్రూపు పేరిట 95 వరకు రియల్‌టైమ్ ప్రాధాన్యం, పరిమితి లేని మెమరీ లాక్ (మెమరీని డిస్కుకు తరలించకుండా పట్టి ఉంచే హక్కు) ఇచ్చే ఫైలును లిమిట్స్ డైరెక్టరీలో పెట్టడం ఆనవాయితీ. అయితే ఆ ఫైలును చదివేది లాగిన్ సమయంలో పనిచేసే ప్యామ్ మాడ్యూల్. సిస్టమ్‌డీ మొదలుపెట్టే సర్వీసు లాగిన్ ద్వారా రాదు కాబట్టి ఆ హక్కులు దానికి అందవు. ఫలితం విచిత్రంగా ఉంటుంది: టెర్మినల్‌లో చేత్తో నడిపితే ధ్వని నిర్మలంగా వస్తుంది, అదే ప్రోగ్రాం సర్వీసుగా నడిస్తే చిటపటలు వినబడతాయి. లాగిన్ చేసి పరీక్షించినప్పుడల్లా అంతా బాగానే కనిపిస్తుంది కనుక తప్పు దొరకదు. రియల్‌టైమ్ ప్రాధాన్య పరిమితిని, మెమరీ లాక్ పరిమితిని సిస్టమ్‌డీ చదివే సర్వీసు యూనిట్ ఫైలులోనే రాయడం దీనికి పరిష్కారం.

డిఫాల్ట్ కాన్ఫిగరేషన్‌లో సౌండ్ కార్డును సంఖ్యతో కాక పేరుతో సూచించాలి. యూఎస్‌బీ పరికరం ఒకటి అదనంగా తగిలించి రీబూట్ చేస్తే సంఖ్యలు తారుమారు కావచ్చు. యూనిట్ ఫైలులో యూటీఎఫ్-8 లొకేల్‌ను (భాష, అక్షరాల అమరికను) కూడా స్పష్టంగా పెట్టాలి. లేకపోతే లొకేల్ సెట్ కాని యంత్రంలో, ఇంగ్లీషు కాని అక్షరాలతో పేరున్న పాటల ఫైళ్లు కనబడకుండా పోవచ్చు.

కాన్ఫిగరేషన్, ఆడియో భాండారం

నిర్వాహకుడు మార్చిన ఈటీసీ (/etc, కాన్ఫిగరేషన్ ఉండే డైరెక్టరీ) ఫైళ్లను ప్యాకేజీ స్క్రిప్టులు దిద్దకూడదు. డిఫాల్ట్‌లను యూఎస్ఆర్ (/usr) కింద ఉంచి, స్టేషన్ మార్పులను మాత్రమే ఈటీసీలోని చిన్న ఫైలు నుంచి చదివేలా సాఫ్ట్‌వేర్‌నే మార్చగలిగితే, అప్‌గ్రేడ్‌లో 'మీ ఫైలు ఉంచాలా, కొత్తది పెట్టాలా' అన్న ప్రశ్నే రాదు. ఇన్‌స్టాల్ సమయంలో అడిగే డెబ్‌కాన్ఫ్ ప్రశ్నలు వీలైనన్ని తక్కువ ఉండాలి. అడిగినవాటికి జవాబు రాకపోయినా డిఫాల్ట్ సురక్షితంగా ఉండాలి, ఎందుకంటే ఆటోమేటిక్ ఇన్‌స్టాలేషన్‌లో ప్రశ్నలు తెరమీదికే రావు. ఐస్‌కాస్ట్ నమూనా కాన్ఫిగరేషన్‌లో పాస్‌వర్డ్‌గా ఉండే 'హ్యాక్‌మీ' అనే మాటను మార్చకుండానే నడిచే సర్వర్లు పుట్టేది ఇలాంటి దారిలోనే. యాదృచ్ఛిక పాస్‌వర్డ్ తయారుచేసి, సర్వీసు యూజర్ మాత్రమే చదవగలిగే ఫైలులో రాయడం ఉత్తమం.

పాటలు, ప్రకటనలు, రికార్డింగులు ఉండే భాండారం స్టేషన్ ఆస్తి, ప్యాకేజీది కాదు. రివెండెల్ సంప్రదాయంగా వార్ (/var) డైరెక్టరీలో నేరుగా ఎస్ఎన్‌డీ (snd) అనే డైరెక్టరీని వాడుతుంది. వార్‌లో పైస్థాయి డైరెక్టరీలను అప్లికేషన్లు చేర్చకూడదని ఫైల్ సిస్టమ్ ప్రమాణం చెబుతుంది. కొత్త ప్రాజెక్టు అయితే ఎస్ఆర్‌వీ (/srv) కింద పెట్టవచ్చు. ఏళ్లుగా నడుస్తున్నదానిలో మాత్రం ప్రమాణం కోసమని లక్షల ఫైళ్లను స్క్రిప్టుతో తరలించే సాహసం చేయవద్దు. ఇన్‌స్టాల్ అయిన ప్రతిసారీ ఆ డైరెక్టరీ మొత్తానికి యజమానిని మార్చే కమాండు నడపడమూ తగదు. నెట్‌వర్క్ డిస్కు మీద అది చాలాసేపు పడుతుంది, ఆ సమయంలో ప్రసారానికి ఫైళ్లు చదవడం నెమ్మదిస్తుంది. పర్జ్ చేసినప్పుడు, అంటే ప్యాకేజీని పూర్తిగా తొలగించినప్పుడు, కాన్ఫిగరేషన్, లాగ్‌లు పోవాలి; ఆడియోను మాత్రం తొలగించకూడదు. అడిగి తొలగించేటట్లయితే డిఫాల్ట్ జవాబు 'వద్దు' అని ఉండాలి.

పరీక్షలు

లింటియన్‌తో ప్యాకేజీ నిర్మాణాన్ని, పియుపార్ట్స్‌తో ఇన్‌స్టాల్, అప్‌గ్రేడ్, తొలగింపు క్రమాన్ని పరీక్షించడం ఏ ప్యాకేజీకైనా తప్పదు. రేడియో ప్యాకేజీకి వీటితో పాటు, అప్‌గ్రేడ్ జరుగుతుండగా శబ్దం నిజంగా కొనసాగిందా అని వినే పరీక్ష కావాలి. దాన్ని ఇన్‌స్టాల్ అయిన ప్యాకేజీలను పరీక్షించే ఆటోప్యాకేజీటెస్ట్ చట్రంలో ఇలా రాయవచ్చు. ముందుగా పాత వెర్షన్‌ను ఇన్‌స్టాల్ చేసి, ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ఆడియో సాధనంతో తయారుచేసిన 440 హెర్ట్జ్ స్వరాన్ని నిరంతరం ప్రసారం చేసేలా ఏర్పాటు చేయాలి. దాన్ని అదే యంత్రంలోని ఐస్‌కాస్ట్‌కు పంపాలి. మరో ఎఫ్ఎఫ్ఎంపెగ్ ప్రాసెస్ ఆ స్ట్రీమ్‌ను రెండు నిమిషాల పాటు రికార్డు చేస్తుండగా కొత్త ప్యాకేజీని ఇన్‌స్టాల్ చేయాలి. తర్వాత రికార్డింగును నిశ్శబ్దాన్ని గుర్తించే ఫిల్టర్ గుండా పంపి, మైనస్ 50 డెసిబెళ్లకన్నా తక్కువ స్థాయి ఒక సెకను దాటి ఎక్కడైనా ఉంటే పరీక్ష విఫలమైనట్లు లెక్కించాలి.

ఇక్కడ రికార్డింగు నిడివిని కూడా కొలవాలి. సర్వర్ ఆగి కనెక్షన్ తెగిపోతే నిశ్శబ్దం రికార్డు కాదు, ఫైలే పొట్టిగా ముగుస్తుంది. అందులో ఉన్నంతమేరా స్వరం చక్కగా ఉంటుంది కాబట్టి ఫిల్టర్ ఏ తప్పూ చూపదు. రెండు నిమిషాలకు బదులు నలభై సెకన్ల ఫైలు వచ్చినా పరీక్ష ఉత్తీర్ణమైపోతుంది. సౌండ్ కార్డు లేని పరీక్షా యంత్రాల్లో జాక్ సర్వర్‌ను డమ్మీ డ్రైవర్‌తో నడపవచ్చు. కెర్నెల్ మాడ్యూళ్లు అవసరమైన పరీక్షలకు మాత్రం, కంటైనర్ చాలదని, పూర్తి వర్చువల్ మెషీన్ కావాలని పరీక్షా నిబంధనల్లో ప్రకటించాలి. స్వరపు ఫైళ్లలో ఒకదానికి తెలుగు అక్షరాలతో, మధ్యలో ఖాళీతో పేరు పెడితే లొకేల్ లోపాలు కూడా ఇదే పరీక్షలో బయటపడతాయి.

వెర్షన్ సంఖ్య, రిపోజిటరీ

విడుదలకు ముందటి వెర్షన్లకు టిల్డ గుర్తు (~) వాడాలి, 4.0 తర్వాత టిల్డ పెట్టి ఆర్‌సీ1 అని రాస్తే అది 4.0 కన్నా పాతదిగా లెక్కకొస్తుంది, హైఫన్ పెడితే కొత్తదిగా మారిపోతుంది. ఒకే వెర్షన్‌ను డెబియన్ 12కూ 13కూ వేర్వేరుగా బిల్డ్ చేసినప్పుడు, చివర డిస్ట్రిబ్యూషన్ సంఖ్య చేర్చితే ఆపరేటింగ్ సిస్టమ్ మారినప్పుడు సరైన బిల్డ్ దానంతటదే వస్తుంది. రిపోజిటరీ (ప్యాకేజీలు దించుకునే చోటు) సంతకాన్ని సరిచూసే తాళంచెవిని ఆప్ట్ కీరింగ్స్ డైరెక్టరీలో విడి ఫైలుగా పెట్టించి, ఆ రిపోజిటరీకి మాత్రమే అది చెల్లేలా సోర్స్ ఫైలులో సూచించాలి.

పాత వెర్షన్లను రిపోజిటరీ నుంచి వెంటనే తీసేయకూడదు. ఆప్ట్‌లీ వంటి సాధనంతో ప్రతి విడుదలకూ ఒక స్నాప్‌షాట్ ఉంచితే, కొత్తది బెడిసికొట్టిన స్టేషన్ కనీసం పాత ప్యాకేజీని దింపుకోగలదు. అయితే ప్యాకేజీ వెనక్కి వెళ్లినంత మాత్రాన స్కీమా వెనక్కి వెళ్లదు. కాబట్టి స్కీమా మార్చే కమాండు తీసిన బ్యాకప్ ఏ ఫైలులో ఉందో, అది ఏ ప్యాకేజీ వెర్షన్‌కు సరిపోతుందో, దాన్ని తిరిగి ఎక్కించే కమాండు ఏమిటో ఆ కమాండు తన చివరి పంక్తుల్లోనే చూపించాలి, లాగ్‌లోనూ రాయాలి.